కోకాపేట గోడ మీది ఈశ్వరి

విశాఖపట్నం,
20 జూన్ 2025

యశస్వినీ,

మోకాళ్ళు రెండూ మార్చారు. పాతవి ఏం చేశారని డాక్టర్ని అడిగితే నవ్వాడు గాని చెప్పలేదు. ఉద్యోగకాలమంతా నల్లబల్ల ముందు నిలబడి అరగదీసినవి, మర్యాదకైనా ఒకసారి చూపించాల్సింది.

మర్యాదకు ఇక్కడ కొదవేం లేదు. మీ ఉమత్త పక్కింటావిడ వాళ్ళ కుక్కను కూడా "రండి, రండి" అని పిలుస్తుంది. రాయదుర్గంలో పెరిగినదాన్ని, నాకు అంత మర్యాద ఒంటికి పట్టదు. నిన్న నర్సుతో "జర లేపు బిడ్డా" అంటే, ఇంకెవర్నో పిలిచాననుకుని వెనక్కి తిరిగి చూసింది.

ఉత్తరం ఎందుకంటే, ఫోన్లో నాకు సగం వినబడదు. మెసేజి పెడితే ఆ చిన్న అక్షరాలు కళ్ళకు ఆనవు, ఉమ చదివి వినిపిస్తుంది. దానికి నచ్చని వాక్యాలు దాని నోట్లోనే కరిగిపోతాయి. నన్ను ఇక్కడే ఉంచేసుకోవాలని దాని ఎత్తు. సాయంత్రం సముద్రం చూపిస్తుంది, పొద్దున అల్లుడిచేత పళ్ళు కోయిస్తుంది. నేనింకా అవుననలేదు, కాదనలేదు. నువ్వు చెప్పదలచుకున్నది కాగితం మీద రాసి కొరియరులో పంపు.

ఇక అసలు సంగతి, ఈశ్వరి. వంటింటి వెనక, గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ళమని మనకిచ్చిన కాస్త నేలలో, గోడ జాలీ మీదికి పాకించిన తీగ. మీ నాయన దాన్ని "ఆ పిచ్చితీగ" అంటాడు. మన గుట్టల్లో పుట్టిన తీగ అది. ఎండాకాలం చచ్చినట్టు పడుంటుంది, తొలకరికి లేస్తుంది. ఎరువడగదు, ముద్దు చేయమనదు. మీ గేటు దగ్గర డబ్బు పోసి వేలాడదీసిన పరాయిదేశపు తీగల మీద ఎప్పుడైనా ఒక్క పురుగు వాలడం చూశావా? వాటిని తీగలనడం కంటే పరదాలనడం మేలు.

రాయదుర్గం గుట్టను పేలుస్తారని తెలిసినప్పుడు తెచ్చుకున్నాను. ఇప్పుడు నీ ఆఫీసున్నది సుమారుగా అక్కడే. నువ్వు లిఫ్టులో పోయే ఎత్తున అప్పట్లో గద్దలు తిరిగేవి. బడి నుంచి వస్తూ ఆ తీగ కింది బండ మీద కూర్చుని చెప్పుల్లో రాళ్ళు దులుపుకునేదాన్ని. వానాకాలంలో నల్లరెక్కల ఎర్రపొట్ట సీతాకోకచిలుకలు దాని చుట్టే తిరిగేవి. మీ తాత నాతో మొదటిసారి మాట్లాడింది కూడా అక్కడే. "టీచరమ్మా, ఆ తీగ కాడ పాములుంటయి, జర దూరం కూసో" అన్నాడు. పెళ్ళయ్యాక మా అత్త, ఆ తీగ ఉన్నచోటికి పామే రాదంది. ఒకే ఇంట్లో రెండు శాస్త్రాలు.

వానలకు నల్లటి పురుగులు వచ్చి ఆకు తింటాయి. తిననీ. ఆ సీతాకోకచిలుకల పిల్లలవి, మరో ఆకు ముట్టవు. మందు కొట్టనివ్వకు. ఆకంతా పోయినా వేరుంటే మళ్ళీ వస్తుంది. వేరు జోలికి మాత్రం ఎవర్నీ పోనివ్వకు. మీ నాయన ఆ చోటంతా పలకలు పరచాలని చూస్తున్నాడు. నేను బయల్దేరే ముందు టేపు పట్టుకుని కొలుస్తూ దొరికాడు.

ఆ తీగ ఉంటే తిరిగొస్తాను. ఉత్త అద్దాల మేడలు చూస్తూ కూర్చోవడానికైతే కొత్త మోకాళ్ళెందుకు? సముద్రమే నయం, అదైనా కదులుతుంది.

నీ నానమ్మ
సీతాబాయి


కోకాపేట,
3 జూలై

నానమ్మా,

ఉత్తరం రాయడం నాకిదే మొదటిసారి. ఎర్రపెన్ను తియ్యకు. తీస్తావని తెలుసు.

నీ పురుగులు దిగాయి! నల్లగా, ఒళ్ళంతా ఎర్రటి మెత్తని కొమ్ములు, నడుముకు తెల్ల బెల్టు. డాడీ చూసి "ఇదేంది, బెటాలియన్ దిగింది" అన్నాడు. ఆకులు దాదాపు అయిపోయాయి. మందు కొట్టేవాడికి ఫోన్ చేయబోతుంటే ఫోన్ లాక్కున్నాను.

అసలు గొడవ వేరే. మన బేస్‌మెంట్ పార్కింగ్‌లో నాగుపాము కనబడింది. పాములు పట్టేవాళ్ళొచ్చి పట్టుకెళ్ళారు గాని, మా అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో మాత్రం అది ఇంకా పాకుతూనే ఉంది. ఆదివారం మీటింగ్ పెట్టారు. గార్డెన్ సెక్రటరీ ఓబులేసు అంకుల్ తెలుసుగా, కదిరి వైపు వాళ్ళు, మూడో ఫ్లోర్. ఆయన లేచి, "తీగెలన్నీ పీకేయాల. వాటి కిందనే చేరతాండాయి ఇవి. మొహమాటం ల్యా, గ్రౌండ్ ఫ్లోరోళ్ళవి గూడా" అన్నాడు.

అప్పుడు నేను లేచాను. "అంకుల్, మాది ఈశ్వరి. అది ఉన్నచోటికి పాము రాదు. మా నానమ్మ చెప్పింది. ఆమె హైస్కూల్ హెడ్‌మిస్ట్రెస్, నేచురల్ సైన్స్" అన్నాను. ఓబులేసు అంకుల్ వాళ్ళావిడ రత్నమ్మ ఆంటీ కూడా, "అవు, మా కొండల్లో గూడా ఆ మాటంటారు" అంది.

అంతే. గేటు దగ్గర పరదాలన్నీ సోమవారం పీకేశారు. నీ తీగను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. పైగా లిఫ్టులో కనిపించినవాళ్ళంతా తీగ ఎలా ఉందని అడుగుతున్నారు. నీ పరువు నిలబెట్టాను, పార్టీ ఇవ్వాలి.

మోకాళ్ళు వంగుతున్నాయా? నీ మంచం మీద ఎవరినీ కూర్చోనివ్వట్లేదు.

యశూ


విశాఖపట్నం,
8 జూలై

యశూ,

పురుగులొచ్చాయని చదివి, పక్కనున్న వాకరు మరిచిపోయి లేచాను. ఉమ అరిచిన అరుపుకు మళ్ళీ కూర్చున్నాను. ఆకులు తినడం అయ్యాక అవి గోడెక్కి, దారపు పోగుతో నడుము కట్టుకుని, ఎండిన ఆకులాంటి గూళ్ళవుతాయి. సున్నం, రంగు అంటూ గోడ గీకనివ్వకు.

ఇక రెండోది. నేను చెప్పింది మా అత్త మాట. నువ్వు దానికి నా ఉద్యోగాన్ని తగిలించావు. మా అత్త ఆ వేరు ముక్కను మొలకు కట్టుకుని తిరిగేది. అయినా గడ్డివాము దగ్గర పాము కరిచింది. ఆమె బతికింది, కరిచింది విషం లేని పాము గనక. పేరు మాత్రం వేరుకు వచ్చింది. ఆ వానాకాలమే ఊరు ఊరంతా గుట్టెక్కి దొరికిన ఈశ్వరినల్లా తవ్వుకుపోయింది. తరవాత చాన్నాళ్ళు మా వైపు ఆ సీతాకోకచిలుకలు లేవు.

నమ్మనివాళ్ళు మహా అయితే ఆకు కోస్తారు. నమ్మినవాళ్ళు వేరు తవ్వుతారు. నువ్వు అందర్నీ నమ్మించి కూర్చున్నావు.

ఇది చదవగానే మీ గ్రూపులో రాయి. తీగకు, పాముకు ఏ సంబంధమూ లేదని, మా నానమ్మకు మతిపోయిందని రాయి. నాకేం నష్టం లేదు.

సీతాబాయి


కోకాపేట,
9 జూలై

నానమ్మా,

నా ఉత్తరానికి నీ జవాబు ఇంకా రాలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియట్లేదు.

నిన్న ఆఫీసు నుంచి వచ్చేసరికి వెనక గుంత ఉంది. గుంత చుట్టూ పసుపు, కుంకుమ, కొబ్బరిచిప్పలు. నాకు ముందు అర్థం కాలేదు, ఎవరింట్లోనో పూజ అనుకున్నాను. తరవాత చూస్తే మన తలుపు మీద పసుపుగుడ్డ మూట. పక్క ఫ్లాట్ తలుపు మీద కూడా. లిఫ్టెక్కి పైకి పోతే ప్రతి ఫ్లోర్‌లో ప్రతి తలుపు మీదా అదే మూట.

డాడీని అడిగాను.

"పెద్దమనుషులు కొబ్బరికాయ పట్టుకొని వచ్చిండ్రు బిడ్డా" అన్నాడు. "ఓబులేసు సార్ చేతులు జోడించి, మీ అమ్మగారి తీగె మా అందరికీ రక్ష, తలా ఒక చిన్న వేరుముక్క ఇప్పియ్యండి, తలుపుకు కట్టుకుంటం అన్నడు. అమ్మ తీగకు గింత ఇజ్జత్ దొరుకుతుంటే నేను వద్దంటనా? ఒక్కొక్కరికి ఒక్క ముక్కే కదా అనుకున్న."

ఒక్కొక్కరికి ఒక్క ముక్కే, నానమ్మా. ఇల్లిల్లూ కలిపితే మొత్తం వేరు.

నేను అరిచాను. మమ్మీ ఎప్పుడూ నన్నే ఆపుతుంది, నిన్న ఆపలేదు. డాడీ అన్నం తినకుండా లేచిపోయాడు. పురుగులు అప్పటికే గోడెక్కి గూళ్ళు కట్టాయట, అవి మాత్రం ఉన్నాయి. ఉమత్తకు ఫోన్ చేసి ఏడ్చాను. "అమ్మకు నేను మెల్లగా చెప్తాను, నువ్వు చెప్పకు" అంది. చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

నేను మీటింగ్‌లో నోరు మూసుకుని ఉంటే బాగుండేది.

యశూ


విశాఖపట్నం,
15 జూలై

యశస్వినికి,

ఉమ మెల్లగా చెప్తానందని రాశావు. చాలా మెల్లగా చెప్తున్నట్టుంది, ఇంకా మొదలుపెట్టలేదు. "తీగ బ్రహ్మాండంగా ఉందట అమ్మా" అని నిన్న కూడా అంది.

కొబ్బరికాయ కొట్టి తవ్వారు, బాగుంది. మా ఊరివాళ్ళు కొట్టకుండానే తవ్వారు. చదువుకున్నవాళ్ళకు ఆ మాత్రం పద్ధతి ఉండాలి.

మీ నాయనకు పలకలు పరుచుకోవడానికి చోటు దొరికింది. గుంత పూడ్చే ఖర్చు తప్ప అడ్డేమీ లేదు. గులకరాళ్ళ రంగువి వేయించమను, మురికి కనబడదు.

నేనిక్కడే ఉంటాను. నా చీరలు, కళ్ళజోడు పాత జత, అలమరలో కింది అరలో ఉన్న పుస్తకాలు పంపించండి. తొందరేం లేదు.

సీతాబాయి


కోకాపేట,
27 జూలై

నానమ్మా,

చీరలు పంపలేదు. డాడీ సర్దుదామని అలమర తెరిచి, మళ్ళీ మూసేశాడు.

నువ్వు తిట్టినా సరే, ముందు ఒకటి చెప్పాలి. ఆయన టేపుతో కొలిచింది పలకలకు కాదు. వంటింటి గుమ్మం నుంచి తీగ దాకా స్టీలు కడ్డీ వేయిద్దామని. ఆపరేషన్ తరవాత నువ్వు పట్టుకుని నడుస్తావని. కడ్డీ వచ్చింది కూడా. ప్లాస్టిక్ కవరు విప్పకుండా బాల్కనీలో పడుంది. దాన్ని చూసి ఆయన రోజూ మొహం తిప్పుకుంటాడు.

గోడ మీది గూళ్ళు పగిలాయి. నీ ఎర్రపొట్ట సీతాకోకచిలుకలు వచ్చాయి. అన్నీ వెళ్ళిపోలేదు. ఒకటి రోజూ వచ్చి ఖాళీ జాలీ చుట్టూ తిరుగుతుంది. కిందికి దిగి గుంత మీద, మళ్ళీ జాలీ మీద, మళ్ళీ గుంత మీద. మొన్న ఆదివారం డాడీ టీ గ్లాసుతో నిలబడి చూస్తున్నాడు. టీ చల్లారింది.

"ఏం దేవులాడుతుంది అది?" అన్నాడు.

"గుడ్లు పెట్టడానికి ఆకు" అన్నాను.

లోపలికి వెళ్ళి మన తలుపు మీది మూట ఊడదీశాడు. ఏం చెయ్యాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు.

ఇంకో వార్త. ఓబులేసు అంకుల్ గుమ్మం ముందు, సరిగ్గా ఆ పసుపుమూట కింద, జెర్రిపోతు చుట్ట చుట్టుకుని పడుకుంది. మూడో ఫ్లోర్‌కు ఎలా ఎక్కిందో దానికే తెలియాలి. అంకుల్ సోఫా ఎక్కి, "వేరు పాతబడిపోయింటాది, కొత్తది కట్టాల" అన్నాడట. రత్నమ్మ ఆంటీ చీపురు పట్టుకుని, "యాడనుంచి తెస్తావు కొత్తది? ఉన్నది తవ్వుకుని తింటిమి కదా" అని దులిపేసిందట.

సాయంత్రం ఆంటీ మనింటికి కుండీ పట్టుకొచ్చింది. "మీ అవ్వకు చెప్పు పాపా. నా వంతు ముక్కకు కాడ ఉన్న్యాది. పచ్చి కాడను వాకిట్లో ఎండగట్టేదానికి మనసొప్పలా. కాడున్న కొన కోసి కుండీలో పెట్టినా, మిగతాది మూట గట్టినా. ఈయనకు తెల్దు" అంది. తీగ బతికింది నానమ్మా! చిటికెన వేలంత. నాలుగైదు ఆకులు.

జాలీ కింద పెట్టిన తెల్లారే ఆ సీతాకోకచిలుక వచ్చి ఆకుల కింద గుడ్లు పెట్టేసింది. నారింజ రంగు, ఆవగింజలంత. సంతోషపడ్డాను. తరవాత లెక్క తట్టింది. అంత తీగను తినేసిన పురుగులు ఈ నాలుగాకులతో ఎలా బతుకుతాయి? నర్సరీలన్నీ తిరిగాను. ఒకాయన "ఈశ్వరియా? ఆన్‌లైన్‌లో చూడండి మేడమ్, మాదంతా ఇంపోర్టెడ్" అన్నాడు.

ఆకు ఎక్కడ దొరుకుతుంది? నా మీద కోపం ఉంచుకో, ఇది మాత్రం చెప్పు.

యశూ


విశాఖపట్నం,
31 జూలై

యశూ,

కోపం ఉంచుకున్నాను. అడిగింది చెప్తున్నాను.

కడ్డీ సంగతి చదివాను. కొలిచేటప్పుడు నోటితో ఒక మాట చెప్తే ఏం పోయేది? వీడి నాయనా అంతే. చెప్పకుండా మంచి చేసి, తిట్లు తిని, అప్పుడు కూడా చెప్పేవాడు కాదు. చచ్చిపోయాక ఊళ్ళోవాళ్ళు చెప్తే తెలిసింది, మా బడికి తాగేనీళ్ళ కుండలు ఏటేటా కొనిపెట్టింది ఎవరో. రత్నమ్మకు నా తరఫున చెప్పు, ఆ సొసైటీలో సెక్రటరీ పదవి తప్పు మనిషికి ఇచ్చారని.

ఆకు కోసం రాయదుర్గం పోవాలి. గుట్టంతా పేల్చలేదని మీ నాయన ఒకసారి అన్నాడు, కొన్ని బండలు మిగిల్చారట. దారి రాస్తున్నాను, జాగ్రత్తగా చదువు. చెరువు కట్ట దిగాక కుడికి తిరుగు. పెంటయ్య కల్లు దుకాణం వస్తుంది. దాని వెనక జామతోట. తోట అంచునే పోతే బర్రెలు పడుకునే కుంట. కుంటకు ఎదురుగా రెండు పెద్ద బండలు, ఒకదాని భుజం మీద ఇంకొకటి తల ఆనించినట్టుంటాయి. మేం వాటిని అక్కాచెల్లెళ్ళు అనేవాళ్ళం. వాటి వెనక మనిషి పక్కకు తిరిగి దూరేంత సందు. ఆ సందులో ఒక ఈశ్వరి ఉండేది. గడ్డపార ఆడించే చోటు లేదు గనక ఊరు దాన్ని తవ్వలేకపోయింది. మన గోడ మీది తీగ దాని గింజతో మొలిచిందే.

అప్పట్లో నేను సన్నగా ఉండేదాన్ని. దూరి, ఆకులు తెచ్చి, క్లాసులో పురుగుల్ని పెంచి పిల్లలకు చూపించేదాన్ని. ఇన్‌స్పెక్టరు వచ్చి "ఇది పాఠ్యపుస్తకంలో లేదే" అన్నాడు. "పురుగులకు ఆ సంగతి తెలియదండీ" అన్నాను. ఆ "అండీ" ఒక్కటే నా జీవితంలో నేను వాడింది.

ఒక్క కొమ్మ నుంచే అంతా కొయ్యకు. తడిగుడ్డలో చుట్టి తీసుకురా.

సీతాబాయి


కోకాపేట,
4 ఆగస్టు

నానమ్మా,

వెళ్ళాం. దొరకలేదు.

చెరువు కట్ట మీద ఫ్లైఓవర్ పోతోందో, కట్ట పక్కనుంచి పోతోందో డాడీకీ నాకూ తెలియలేదు. "కుడికి" అని రాశావు. కుడివైపు మూడు రోడ్లున్నాయి. పెంటయ్య కల్లు దుకాణం ఇక్కడేమో అని డాడీ ఒక బేస్‌మెంట్ ర్యాంప్ ముందు ఆగాడు. సెక్యూరిటీ అతను వచ్చి "ఏ కంపెనీ సార్?" అన్నాడు. డాడీ ఆలోచించి "పెంటయ్య" అన్నాడు. అతను లిస్టులో వెతికాడు పాపం.

నవ్వాననుకో. కాని డాడీ నవ్వలేదు. మెట్రో స్టేషన్ కింద నిలబడి, "మా ఇల్లు గిక్కడ" అన్నాడు. కాస్త నడిచి, "కాదు కాదు, గిక్కడ" అన్నాడు. ఇంకాస్త నడిచి, వచ్చిన దారినే వెనక్కి తిరిగాడు. పుట్టి పెరిగినచోట డాడీకి దారి తెలియకపోవడం నేనెప్పుడూ చూడలేదు. చెయ్యి పట్టుకుని నడిచాను.

టవర్ల వెనక ఫెన్సింగ్ లోపల బండలున్నాయి, చాలానే ఉన్నాయి. నాకు అన్నీ అక్కాచెల్లెళ్ళలాగే కనబడ్డాయి. నువ్వు చెప్పే గుర్తులేవీ ఇప్పుడు లేవు. నాకు తెలిసినవి చెప్దామంటే, నీలం అద్దాల టవర్, ఫుడ్ కోర్ట్, మెట్రో పిల్లర్, అవి నీకు తెలియవు. ఇద్దరం ఒకే ఊరి గురించి రాసుకుంటున్నామా అనిపించింది.

గుడ్లు పగిలాయి. పిల్లపురుగులు దారప్పోగుల్లా ఉన్నాయి. ఒక ఆకు అప్పుడే జల్లెడైంది. ఇంకో వారం తరవాత వాటికి పెట్టడానికి ఏమీ ఉండదు.

నేనేం చెయ్యాలి?

యశూ


విశాఖపట్నం,
7 ఆగస్టు

యశూ,

రేపటి బండికి టికెట్టు చేయించాను. లింగంపల్లిలో దిగుతాను, మీ నాయనను రమ్మను. ఉమ అలిగి రెండు పూటలు మాట్లాడలేదు. తరవాత తనే నా పెట్టె సర్దింది, అలుగుతూనే. దార్లో తినడానికి పులిహోర కట్టింది. అల్లుడు బండి దాకా వస్తానంటున్నాడు. మంచివాళ్ళే, నాకే ఇక్కడ పని లేదు. నేను వచ్చాక గాని ఈ ఉత్తరం నీకు అందదేమో, అయినా రాస్తున్నాను.

తీగ ఉంటే వస్తానని రాశాను. లేదు కాబట్టి వస్తున్నాను. ఉన్నదాన్ని చూసుకుంటూ కూర్చోవడానికి అక్కడ ఎవరైనా సరిపోయేవారు.

నీకు దారి చెప్పడం నాదే పొరపాటు. మనుషులు కట్టుకున్నవన్నీ గుర్తులుగా రాశాను. దుకాణాలు లేస్తాయి, తోటలు కొట్టేస్తారు, పెంటయ్య పోయి ఎన్నేళ్ళయిందో. నేల వాలును మార్చడం మాత్రం అంత సులువు కాదు. ఎన్ని అంతస్తులు లేపినా వాన కురిస్తే నీళ్ళు పాత చెరువు వైపే పోతాయి. అందుకే ప్రతి ఏడూ మీ ఆఫీసు ముందు మోకాళ్ళ లోతు నిలబడి, మీ వాళ్ళు మున్సిపాలిటీని తిడుతుంటారు. ఆ నీళ్ళ వెంట నడిస్తే కట్ట ఎక్కడుండేదో నేను చెప్పగలను. కట్ట దొరికితే కుంట దొరుకుతుంది, కుంట దొరికితే ఆ బండలు. మిగిల్చినవాటిలో అవి ఉంటే ఉన్నాయి. లేకపోతే గుట్ట వెనకవైపు కూడా నాకు తెలుసు, అటు పోదాం.

సందులో దూరేది నువ్వే. ఆకులు కోసేది నువ్వే. కాయలు పడి ఉంటే ఏరుకో, వచ్చే ఏడు గోడకు గింజలు కావాలి. మీ నాయన బయట నిలబడి ఆ సెక్యూరిటీ అతనికి పెంటయ్య ఎవరో చెప్తాడు. రత్నమ్మను కూడా తీసుకురా. ఓబులేసును కూడా తీసుకురా, గొడుగు పట్టుకోవడానికి ఒకరుండాలి.

ఎండగా ఉంటే ఆగుదాం. చినుకులు మొదలవగానే బయల్దేరాలి, అందరూ లోపలికి పరిగెత్తే వేళకు మనం బయటికి. నేను ముందు నడుస్తాను, మీరు నీళ్ళ మీంచి చూపు తియ్యకండి.

సీతాబాయి